నాన్ రువా ఆఖరి చరణం

డబ్లిన్,
14 సెప్టెంబరు 1975

అత్తా,

నువ్వు పంపిన ఎండు చేపలు అందాయి. మా ఇల్లుగలావిడ ముక్కు మూసుకుని పొట్లం తెచ్చి నా గుమ్మంలో పడేసి, "ఇందులో ఎవరైనా చచ్చారా?" అనడిగింది. "మా ఊరి సముద్రం అలాగే ఉంటుందండీ" అన్నాను. ఆవిడకి నవ్వు రాలేదు. ఈ ఊళ్ళో చాలామందికి రాదు.

సరే, అసలు సంగతి. కూర్చుని చదువు. మేం రికార్డు చేస్తున్నాం! నల్లగా గుండ్రంగా తిరిగే నిజం రికార్డే. నేనూ, ఫిడేలు వాయించే డెక్లన్, పిల్లంగోవి ఊదే ఊనా. మొత్తం పది పాటలు. అన్నీ మనవైపువే.

చిక్కేమిటంటే, అట్ట వెనకాల ఒక్కో పాటకీ దాని కథ అచ్చు వేయాలట. అది అడిగింది నేనే అనుకో. మన ఊళ్ళో కథ చెప్పకుండా పాట ఎత్తుకుంటే పెద్దాళ్ళు ఊరుకోరు కదా. "ఎవరి పాట? ఎవరు చచ్చారు? ఎవరు లేచిపోయారు? అది చెప్పి అప్పుడు నోరు తెరు" అంటారు. ఆ కథలన్నీ నీ దగ్గరున్నాయి. తీరిక చేసుకుని రాయి. పాటల జాబితా వేరే కాగితం మీద పెట్టాను. పదోది ఇంకా దొరకలేదు.

బృందానికి పేరు కూడా దొరకలేదు. మూడు వారాలుగా కొట్టుకు చస్తున్నాం. ఇక్కడ వాళ్ళకి పేర్లు ఎలా వచ్చాయో వింటే నవ్వుతావు. "మూడో మేక" అని ఒక బృందం ఉంది. వాళ్ళు మొదటిసారి సంతలో వాయించారట. ఎవడో మూడు మేకల్ని తెస్తే రెండు అమ్ముడుపోయాయి, మూడోది మాత్రం వీళ్ళ పాట అయ్యేదాకా కదలకుండా నిలబడింది. ఆ రోజు వాళ్ళని విన్నది అదొక్కటే. ఇంకొకళ్ళు "ఆఖరి బస్సు". అది తప్పిపోబట్టే వాళ్ళలో వాళ్ళకి పరిచయమైంది. మాకు మేకా లేదు, బస్సూ లేదు.

నాన్నకి ఉత్తరం చదివి వినిపించు. దగ్గు తగ్గిందా?

నీ
ఫెస్టీ

—

కిల్‌వోరా,
28 సెప్టెంబరు 1975

ఒరే ఫెస్టీ,

రికార్డు సంగతి పోస్టాఫీసులోనే చదివేసుకుని, పక్కింటి షిబేల్‌కి చెప్పాను. అది ఇల్లు చేరేలోపు ఊరంతా చెప్పింది. ఫాదర్ గారు కూడా అడిగారు, "బార్బ్రా, మీవాడు సినిమాల్లో చేరాడటగా" అని. షిబేల్ నోటి నుంచి బయటికొచ్చేసరికి ఏ సంగతైనా ఒక జాన పెరుగుతుంది.

నీ జాబితా చూశాను. "రాగి నడుము పిల్ల" అన్నది ప్రేమ పాట అనుకుంటున్నావా? ఊనా అమ్మాయి దాన్ని కళ్ళు మూసుకుని మరీ పాడుతుందని రాశావు. ఆ రాగి నడుము పిల్ల సారా బట్టీరా నాయనా! మా తాత చిన్నాన్నది. పోలీసులు పట్టుకుపోయి రేవులో సమ్మెటలతో చితక్కొడుతుంటే, ఆయన గట్టు మీద కూచుని కట్టిన పాట అది. "నీలాంటిది మళ్ళీ నా గడప తొక్కదు" అని ఏడ్చింది దాని కోసమే. పెళ్ళాం పోయినప్పుడు ఆయన పాటేమీ కట్టలేదు. ఇది అట్ట మీద వేయిస్తావో లేదో నీ ఇష్టం.

ఆరో పాట, ఆ జోలపాట ఉందే, దాన్ని నవ్వుతూ పాడకు. ఆ తల్లి ఒళ్ళో బిడ్డ లేడు. సిపాయిలు ఇంట్లో కూర్చుని మొగుడి కోసం కాచుకునుంటే, బయట గడ్డివాములో దాక్కున్నవాడికి వినపడాలని ఖాళీ ఉయ్యాల ఊపుతూ పాడింది. "నిద్రపో, రావద్దు, నిద్రపో, రావద్దు" అని. సిపాయిలు కూడా తలాడించారట. మిగతావి విడిగా రాసి పెట్టాను.

మీ నాన్నకి చదివి వినిపించాను. పాటల దగ్గరికి వచ్చేసరికి పైపు దులుపుకోవడానికి బయటికెళ్ళాడు. మామూలే. నువ్వు పుట్టకముందు వాడు పాడితే పడవలు ఆపుకుని వినేవాళ్ళురా. ఆ గొంతు నీకు రావడం మా అందరి అదృష్టం, అది వాడు దాచుకుని కూర్చోవడం మా దురదృష్టం. దగ్గు అలాగే ఉంది.

పదో పాట ఏమిటో, ఆ పేరేమిటో త్వరగా తేల్చండి. మేకని మాత్రం పెట్టకండి.

మీ అత్త
బార్బ్రా

—

డబ్లిన్,
12 అక్టోబరు 1975

అత్తా,

పేరు దొరికింది. పదో పాటా దొరికింది. రెండూ ఒకేచోట దొరికాయి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఇక్కడ కాల్వ పక్కన ఒక సత్రంలో మనవైపు ముసలాయన ఉన్నాడు. పేరు కోలీన్. లండన్‌లో మట్టి తవ్వీ తవ్వీ నడుం పోయింది. ఆయన దగ్గర పాత పాటలున్నాయంటే వెళ్ళాను. ఊరూ పేరూ అడిగాడు. చెప్పాను. చాలాసేపు నా మొహంలోకి చూసి, కళ్ళు మూసుకుని ఒక పాట ఎత్తుకున్నాడు. అత్తా, అది మామయ్య పాట!

బార్ట్‌లీ మామయ్య మీద పాట ఉందని నాకు ఇరవై ఆరేళ్ళు ఎవరూ ఎందుకు చెప్పలేదు? నువ్వైనా చెప్పలేదేం? దీవులకి పొయ్యిలోకి బొగ్గుమట్టి వేసుకెళ్ళి, దించి, తిరిగొస్తూ "నాన్ రువా" మునగడం, నాన్న ఒక్కడే తెడ్డు పట్టుకుని ఒడ్డుకి కొట్టుకు రావడం, అంతా ఉంది. మూడో చరణం చూడు:

గాలి తిరిగింది, ఆగమంది దీవి,
రేవు ఆగమంది, రేవులో రాయి ఆగమంది,
ఆగనన్న మాటే ఆనాడు చెల్లింది,
నాన్ రువా తెరచాప మళ్ళీ కనబడలేదు.

ఎంత గుండె ధైర్యం! దీవి దీవంతా వద్దంటుంటే సముద్రంలోకి తోశాడంటే మామయ్య ఎలాంటి మనిషై ఉండాలి. నువ్వు ఆయన ఫోటో పెట్టెలో బోర్లా పెట్టి ఉంచావు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు చూశాను. ఎందుకని అడగలేదు, దుఃఖం కాబోలు అనుకున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నా పుట్టినరోజూ ఆయన పోయిన రోజూ ఒకటే కాబట్టి, మనింట్లో నవంబరు పంతొమ్మిదిన నాకు కేకు ఉండేది కాదు, ఆయనకి కొవ్వొత్తి ఉండేది. అందుకని ఇప్పుడు నేను ఆయనకి ఇచ్చుకోగలిగింది ఇస్తున్నాను. మా బృందం పేరు "నాన్ రువా". ఆయన తల్లి పేరు, ఆయన పడవ పేరు. అట్ట మీద ఎర్ర అక్షరాలు.

ఆ పాట కథ నువ్వే చెప్పాలి. రికార్డింగు నవంబరు తొమ్మిదిన. నీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట రాయి, ఆపేస్తాను. ఏమీ అనకపోతే సరేనన్నట్టే అనుకుంటాను.

కోలీన్ తాత ఇంకో చరణం మిగిలి ఉందన్నాడు. "ఆదివారం రా, టీ తాగుతూ ఇస్తాను. అది నిలబడి తీసుకునేది కాదు" అన్నాడు. ముసలాళ్ళ బెట్టు!

నీ
ఫెస్టీ

—

కిల్‌వోరా,
26 అక్టోబరు 1975

ఫెస్టీ,

ఉత్తరం అందింది. ఇక్కడ పది రోజులుగా వాన. నైరుతి గాలి. రేవు మెట్ల మీద నాచు పట్టి జారుతోంది. షిబేల్ కొడుకు నిన్న జారి పడి మోచెయ్యి దోక్కున్నాడు. బంగాళాదుంపలు తవ్వేశాం. సగం కుళ్ళు. బొగ్గుమట్టి ఆరలేదు, పొయ్యి పొగ.

నల్ల కోడి గుడ్లు పెట్టడం మానేసింది. వయసైపోయింది కాబోలు. కొయ్యడానికి చేతులు రావడం లేదు.

గాలి ఇంకా పడమరకి తిరుగుతుందంటున్నారు. తిరిగితే మంచిది కాదు.

మీ నాన్నకి నీ ఉత్తరం సగమే చదివాను. మిగతాదంతా వాతావరణం అని చెప్పాను.

అత్త

—

డబ్లిన్,
23 నవంబరు 1975

అత్తా,

అయిపోయింది! పది పాటలూ రెండు రోజుల్లో. నువ్వేమీ అనకపోయేసరికి నా గుండె కుదుటపడింది. పదో పాట నేనొక్కణ్ణే పాడాను, వాద్యాలేవీ లేకుండా. చివర్లో మాత్రం డెక్లన్ ఫిడేలు వస్తుంది. అది ముగిసేసరికి ఊనా ఏడ్చింది.

నువ్వు కథ రాయలేదు కాబట్టి అట్ట మీద నేనే రాశాను. "దీవి ఆగమన్నా ఆగని పడవ యజమాని బార్ట్‌లీ స్మృతికి" అని. బాగుందా?

కోలీన్ తాత దగ్గరికి ఆదివారం వెళ్ళలేకపోయాను. ఆ రోజు ఫోటోలు తీశారు, తర్వాత రికార్డింగు దాకా తీరిక దొరకలేదు. కంపెనీ వాళ్ళు ఒక్కరోజు కూడా ఆగలేమన్నారు. ఇంకో చరణం ఉంటే పాట పొడుగైపోతుంది కూడా. ఉన్న నాలుగే చాలనుకున్నాం.

ఇంకో విశేషం. జనవరి పదకొండు, ఆదివారం మధ్యాహ్నం, పూజ అయ్యాక, రేడియోలో మమ్మల్ని వేస్తున్నారు. పదో పాటే వేస్తారట. అందర్నీ పిలిచి కూర్చోబెట్టు. నాన్నని బయటికి పోనివ్వకు!

నీ
ఫెస్టీ

—

కిల్‌వోరా,
7 డిసెంబరు 1975

ఫెస్టీ,

మా రేడియోలో బ్యాటరీ అయిపోయింది. కొట్టులో దొరకడం లేదు. పండగ దాకా రావన్నారు. అయినా ఇక్కడ కొండ అడ్డం, సరిగా పలకదు.

గాలి తిరిగింది. పడమర.

అత్త

—

డబ్లిన్,
18 డిసెంబరు 1975

అత్తా,

బ్యాటరీల కోసం బెంగపడతావా నేనుండగా? ఈ పొట్లంలో ఆరు పెట్టాను. రెండు రేడియోకి, రెండు దాచుకోవడానికి, రెండు షిబేల్ పిన్నికి, లేకపోతే ఊరంతా నన్ను తిట్టి పోస్తుంది. ఏరియల్ కిటికీ వైపు తిప్పితే కొండ అడ్డం రాదు.

నీకు ఉన్ని శాలువ, నాన్నకి పొగాకు. క్రిస్మస్‌కి రాలేను, రెండు పెళ్ళిళ్ళలో వాయించాలి. మన్నించు.

ఫెస్టీ

—

కిల్‌వోరా,
12 జనవరి 1976

ఫెస్టీ,

నీకు చదువు చెప్పించి పొరపాటు చేశాను.

మన ఊళ్ళో పోయినవాళ్ళ గురించి ఎవరైనా ఏదన్నా అడిగితే, వద్దు అన్న మాట ఎవడైనా ఎప్పుడైనా పైకి అన్నాడట్రా? వాన గురించి మాట్లాడామంటే వద్దనే. కోడి గురించి మాట్లాడామంటే వద్దే వద్దనే. పద్నాలుగేళ్ళు ఈ పొయ్యి దగ్గర పెరిగినవాడివి నీకది తెలియదా! బ్యాటరీ లేదంటే బ్యాటరీలు పంపుతావా! ఆ పొట్లం విప్పి రెండు చేతులతో మొహం కప్పుకున్నాను.

మునిగిపోయినవాళ్ళ పాట వాళ్ళవాళ్ళు బతికుండగా ఆ ఊళ్ళో పాడరు. పొరుగూళ్ళలో కూడా నేను గుమ్మంలో అడుగుపెడితే పాడుతున్నవాళ్ళు టక్కున ఆపేసి టీ పోసేవాళ్ళు. ఇన్నేళ్ళూ అలా గడిచింది. దాని మొదటి మాటేమిటో కూడా నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. డబ్లిన్ మన ఊరు కాదుగా అనుకున్నావేమో. పాట మనిషి కాళ్ళతో నడిచే రోజుల్లో ఆ లెక్క సరిపోయేది. ఇప్పుడది కిటికీలోంచి వచ్చి పడింది.

నేను పిలవలేదు. షిబేలే పిలిచింది. పద్నాలుగు మంది. రొట్టెలు చేసుకుని మరీ వచ్చారు. నీ గొంతు రాగానే అందరూ "మనవాడే, మనవాడే" అన్నారు. రెండో మాటకి అందరికీ తెలిసిపోయింది ఏ పాటో. ఎవరూ లేచి రేడియో కట్టెయ్యలేకపోయారు, నేనే కట్టేస్తానని నా వైపు చూశారు. నేను కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయాను. మూడో చరణం వచ్చింది. ఆగనన్న మాటే చెల్లింది. అందరూ నేల చూపులు చూశారు.

అది గుండె ధైర్యం అనుకున్నావా? మా ఊళ్ళో అది తిట్టు. పడవ ఎవరిదో మాట వాళ్ళది. ఇంట్లో పెళ్ళాం ఉంది, పక్కన బావమరిది ఉన్నాడు, పోటు తగ్గేదాకా ఆగు అంటే ఆగలేకపోయాడు. పెళ్ళై పదకొండు నెలలు. నా మీద ఉన్న ప్రేమ ఒక పోటు సేపు ఆగేంత కూడా లేదా అని నేను చచ్చినవాడి మీద ఇరవై ఆరేళ్ళుగా కోపంగా ఉన్నాను. ఫోటో బోర్లా పెట్టింది అందుకు. ఆ సంగతి నా గుండెలోనూ ఊరి మనసులోనూ ఉండేది, నోట్లో ఉండేది కాదు. నువ్వు తెచ్చి ఐర్లండంతా వినేలా చాటించావు. అట్ట మీద అచ్చు కూడా వేయించావు.

మునిగిన పడవ పేరు మళ్ళీ ఏ పడవకీ పెట్టరు. మీరు మీ పాటల దుకాణానికి పెట్టుకున్నారు.

ఇంకొక్క మాట రాసి ఆపేస్తాను. నాలుగో చరణం అయిపోయి ఫిడేలు వచ్చింది చూడు, అప్పుడు మీ నాన్న లేచి నిలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఇంకోటుంది" అన్నాడు.

"ఏమిట్రా?" అన్నాను.

"ఇంకో చరణం ఉంది. మింగేశారు" అన్నాడు.

టోపీ కూడా పెట్టుకోకుండా బయటికెళ్ళాడు. చీకటి పడేదాకా రేవు మీద వానలో నిలబడ్డాడు. ఎవరు పిలిచినా రాలేదు. ఇవాళ్టికి ఒళ్ళు కాలిపోతోంది, మాట్లాడడం లేదు. ఆ పాట నేను వినలేదు సరే, వాడెక్కడ విన్నాడు? ఇంకో చరణం ఉందని వాడికెలా తెలుసు?

బార్బ్రా

—

డబ్లిన్,
25 జనవరి 1976

అత్తా,

నాలుగుసార్లు రాసి చించేశాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు కాబట్టి అడగను.

నీ ఉత్తరం అందిన రోజే కోలీన్ తాత దగ్గరికి పరిగెత్తాను. సత్రంలో లేడు, ఆస్పత్రిలో ఉన్నాడు. నన్ను చూసి గోడ వైపు తిరిగిపోయాడు.

"ఆదివారం వస్తానన్నావు. రెండు కప్పులు పెట్టుకుని కూచున్నాను" అన్నాడు.

"తీరిక లేకపోయింది తాతా."

"అవును. మీ వంశంలో ఎవరికీ తీరిక ఉండదు."

తర్వాత చెప్పాడు. నేను నీకు చెప్పాలో వద్దో తెలియక నలిగిపోతున్నది అదే. ఒక్క భాగం మాత్రం ఇప్పుడు రాస్తాను. ఆ పాట ఎవరో కట్టింది కాదత్తా. నాన్న కట్టాడు. మామయ్య పోయిన రెండేళ్ళకి లండన్ వెళ్ళి మట్టి తవ్వాడు కదా, అప్పుడు. కోలీన్ తాతదీ నాన్నదీ పక్కపక్క మంచాలు. శీతాకాలమంతా గోడ వైపు తిరిగి గొణుక్కుంటూ కట్టాడట. కట్టాక తనెప్పుడూ పాడలేదు. కోలీన్ తాతకి నేర్పి రెండు ఒట్లు వేయించుకున్నాడు. మా అక్క బతికుండగా మా ఊళ్ళో పాడకూడదు. ఎక్కడ పాడినా చివరి చరణం తెంపకూడదు. "తెంపితే అది పాట కాదు, అబద్ధం" అన్నాడట. తాత దగ్గర విని మనవైపు పట్టుకెళ్ళినవాళ్ళే ఆ చరణం వదిలేశారట.

తాతకి నేను ఎవరి కొడుకునో మొదటి రోజే తెలుసు. అందుకే ఆ చరణం ఒక్కటీ ఉంచుకుని, కూర్చోబెట్టి నిదానంగా ఇద్దామనుకున్నాడు. నేను ఆగలేదు.

ఇప్పుడది నా దగ్గరుంది. అది పంపితే మామయ్య పరువు తిరిగొస్తుంది. కానీ ఆ ఇంట్లో మంచాన పడి ఉన్న ఇంకొకరి బతుకు నీ చేతిలో పెట్టినట్టవుతుంది. నేనిక నా అంతట నేను ఏదీ చెయ్యను. పంపమంటావా? నీ ఉత్తరంలో వాన ఉంటే అర్థం చేసుకుంటాను. ఈసారి అర్థం చేసుకుంటాను.

ఫెస్టీ

—

కిల్‌వోరా,
1 ఫిబ్రవరి 1976

ఫెస్టీ,

వాన లేదు. గాలి లేదు. కోళ్ళు బాగున్నాయి.

పంపు.

అత్త

—

డబ్లిన్,
8 ఫిబ్రవరి 1976

అత్తా,

ఇదీ ఆ చరణం. కోలీన్ తాత చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆగుదామన్నది బార్ట్‌లీ, రొట్టె విరిచి సగం నాకిచ్చి,
ఆగనన్నది నేను, ఇంట్లో ఉయ్యాల ఊగుతుందని.
ఉయ్యాల ఊగుతూనే ఉంది, నేను పొయ్యి దగ్గర పొడిగా ఉన్నాను,
అక్కా, నీ గుమ్మంలో పాడలేక పరాయి నోటికిచ్చాను.

ఆ ఉయ్యాల నాదే. అమ్మకి నొప్పులొచ్చే రోజులని నాన్న ఆగలేకపోయాడు. పోతే నేనొక్కణ్ణే పోతాను పడవ ఇమ్మన్నాడట. నిన్నొక్కణ్ణీ పంపితే మీ అక్కకి ఏం చెప్పను అని మామయ్య కూడా ఎక్కాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చాక, బయల్దేరదామన్నది ఎవరని నాన్నని ఎవరూ అడగలేదట. పడవ బార్ట్‌లీది కాబట్టి మాట కూడా బార్ట్‌లీదే అనేసుకున్నారు. నాన్న ఊరుకున్నాడు. ఊరుకున్నది ఒక రోజు, తర్వాత ఒక ఏడాది, తర్వాత ఇక నోరు పెగల్లేదు.

అత్తా, నన్ను ఎత్తుకుని తిప్పావు. నాకు జ్వరమొస్తే కూర్చుని తెల్లవార్లు తడిబట్ట వేశావు. నేను పుడుతున్నాననే నీ మొగుడు పోయాడు. నీకు తెలిసి ఉంటే ఎత్తుకునేదానివా? జవాబు రాయకు.

రేపు తెల్లారి జర్మనీ వెళ్ళాలి. నెల రోజులు. టిక్కెట్లు అమ్మేశారు, ఆపమంటే ఎవరూ వినడం లేదు. పేరు మార్చేద్దామన్నాను, అట్టలు అచ్చైపోయాయన్నారు. రాగానే ఊరొస్తాను. నాన్నని ఆగమను.

నీ ఫెస్టీ

—

కిల్‌వోరా,
7 మార్చి 1976

ఫెస్టీ, నాయనా,

టెలిగ్రాములు ఏ ఊళ్ళోనూ నిన్ను పట్టుకోలేకపోయాయని మీ ఇల్లుగలావిడ రాసింది. ఈ ఉత్తరం నీ గదిలో నీ కోసం ఎదురు చూస్తుంటుంది. కూర్చుని చదువు.

నీ చరణం పన్నెండో తారీకు గురువారం వచ్చింది. మెట్ల మీద కూర్చుని చదివాను. మొదట నాకు మీ నాన్న మీద కోపం రాలేదురా, నిజం చెప్తున్నాను. రొట్టె దగ్గరే ఆగిపోయాను. రొట్టె విరిచి సగం. ఆయన ఎప్పుడూ అంతే. తనకి చిన్న ముక్క ఉంచుకుని పెద్దది అవతలివాళ్ళకిచ్చేవాడు. ఆ సంగతి నేను మర్చిపోయాను. కోపం పెట్టుకుని పెట్టుకుని మొగుణ్ణే మర్చిపోయాను. పెట్టె తీసి ఫోటో తిప్పాను. ఎంత చిన్నవాడు! నాకు కొడుకుంటే ఇప్పుడు అంత ఉండేవాడు. గోడకి మేకు కొట్టాను.

కోపం మర్నాడు వచ్చింది. మీ నాన్న గదిలోకి రెండు రోజులు వెళ్ళలేదు. గంజి షిబేల్ చేత పంపాను. వాడు గుమ్మం వైపే చూస్తున్నాడని షిబేల్ అంది. "చూడనీ" అన్నాను. ఆ రెండు రోజులు నన్ను కాల్చుకు తింటున్నాయి, అది నా పాపం, నీది కాదు.

ఆదివారం పూజ నుంచి వస్తూ రేవు మీద నిలబడ్డాను. వాడికప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళాం నొప్పులు పడుతుంటే ఏ మగాడు ఆగుతాడు? ఆగితే నేనే తిట్టేదాన్ని. చేసిన తప్పు తొందరపడడం కాదు, నోరు విప్పకపోవడం. ఆ విద్య వాడికి నేర్పింది ఎవరు? నేనేగా. ఈ ఊరేగా. నువ్వడిగితే కోడి గురించి రాసినదాన్ని నేను.

ఇంటికొచ్చి నీ రికార్డు షిబేల్ ఇంట్లో పెట్టించుకుని నాలుగు చరణాలూ నేర్చుకున్నాను. అయిదోది నాకు వచ్చేసింది అప్పటికే. మంగళవారం మధ్యాహ్నం వాడి పక్కన కూర్చున్నాను. ఊపిరి గురగుర. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. "మాక్‌డారా, పాట పాడతాను వింటావా?" అన్నాను. చెయ్యి చాచాడు. పాడేవాళ్ళ చెయ్యి పట్టుకుని వినేవాళ్ళు మెల్లగా తిప్పుతారుగా, అలా పట్టుకున్నాడు.

ఈ ఊళ్ళో ఆ పాట పాడే హక్కున్నది నాకొక్కదానికే. పాడాను. మొదటి మాటకే వాడి కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. నాకు ముందే చివరి చరణం పాడేయాలనిపించింది. "అదే పాడు, తర్వాత సంగతి తర్వాత" అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. కానీ పాట మొదట్నించీ పాడాలి కదా, తెంపకూడదు కదా. నిదానంగా పాడాను. ఒకటి. రెండు. మూడు. నాలుగోది సగంలో ఉండగా చెయ్యి తిరగడం ఆగింది. నేను గుర్తించలేదు. వింటున్నాడనుకున్నాను. ఆగుదామన్నది బార్ట్‌లీ అని ఎత్తుకుని, చరణం పూర్తి చేసి, అప్పుడు చూశాను.

వాడు విన్నాడో లేదో నాకు తెలియదురా. నాకు తెలుసని వాడికి తెలిసిందో లేదో. "పోనీలేరా తమ్ముడూ" అనే మాట నేను పాట చివర్లో చెబుదామని దాచుకున్నాను. అది నా నోట్లోనే ఉండిపోయింది.

ఉయ్యాల గురించి అడిగావు, జవాబు రాయొద్దన్నావు. రాస్తాను. తెలిసినా ఎత్తుకునేదాన్ని. కొన్నాళ్ళు ఆలస్యంగా ఎత్తుకునేదాన్నేమో. కానీ ఎత్తుకునేదాన్ని.

పేరు మార్చకండి. పేరుకి కథ ఉండాలని నువ్వేగా అన్నావు. ఇప్పుడు ఆ పేరుకి కథ ఉంది. ఎవరడిగినా మొత్తం చెప్పు, నీ ఉయ్యాలతో సహా.

నెల మాసికం ఇరవై ఒకటి, ఆదివారం. పూజ అయ్యాక మనింట్లో టీ. నువ్వు పాడాలి, అయిదు చరణాలూ. ఊళ్ళో నేనే ఒక్కొక్కరికీ చెబుతున్నాను, షిబేల్‌కి చెప్పలేదు కాబట్టి ఇంకా కొందరికి తెలియదు.

దారిలో మంచు పడుతోంది, కొండ రోడ్డు మీద బస్సులు జారుతున్నాయి. ఇది వాతావరణమేరా, వేరే అర్థమేమీ లేదు. తొందరపడి రాకు. పూజ వేళ దాటిపోయినా సరే. నువ్వొచ్చేదాకా నేను ఆగుతాను.

మీ అత్త
బార్బ్రా